ఇంట వైఫై రూటరు నుంచవలసిన చోటు

శాస్త్రములలో దేహలీదీపన్యాయమని యొకటి కలదు. గడపమీద నుంచిన దీపము లోపలి గదికిని వెలుపలి వసారాకును ఒక్కమారే వెలుగు నిచ్చును. అట్లే వాక్యము నడుమ నున్న యొక పదము ముందుమాటతోను వెనుకమాటతోను అన్వయించును. వ్యాకరణమున నిది గుణము. కాని నేడు మన యిండ్లలో వీధితలుపు ప్రక్కనే మేకునకు తగిలించి పోయెడు రూటరు విషయమున నిదియే దోషమగుచున్నది. దాని తరంగములలో సగము వీధిపాలు. వెనుక గదిలోనివారికి మిగులునది కొరతయే.

రూటరనగా దారి చూపునది యని యర్థము. దీనికి సంస్కృతమున నొక పేరు కల్పించుట నావంటివానికి గడియసేపటి పని. కాని ఇంటింట పిల్లలు మొదలు ముదుసలుల వరకు రూటరనియే యనుచుండగా వేరొక పేరేల? వీధినుండి తీగవెంట వచ్చిన సమాచారమును ఈ పెట్టె రేడియో తరంగములుగా వెదజల్లును. మన ఫోనులు పంపిన దానిని మరల గైకొనును.

శ్రోతలారా, మీడియం వేవ్ రేడియో ప్రసారములలో ఒక్కొక్క తరంగము వందల మీటర్ల పొడవు గలది. రూటరు తరంగములు మిక్కిలి పొట్టివి. వానిలో సాధారణముగా రెండు తెగలు. 2.4 గిగాహెర్ట్జ్ తెగ సెకనునకు 240 కోట్ల కంపనములు గలది. దాని తరంగము పొడవు 12 సెంటీమీటర్లకు కొంచె మెక్కువ, అనగా సుమారు బెత్తెడున్నర. 5 గిగాహెర్ట్జ్ తెగది అందులో సగము. రెండవది వేగముగా ఎక్కువ మోయును గాని గోడలయెదుట త్వరగా నీరసించును. అందుచే దూరపు గదికి మొదటిదియు, రూటరున్న గదికి రెండవదియు మేలు.

ఇట్టి పొట్టి తరంగములు గోడ దాటగలవని 1890 తరువాతి దశకముననే జగదీశచంద్ర బోసుగారు కలకత్తాలో ప్రదర్శించిరి. దాటును గాని ప్రతిగోడయు సుంకము పుచ్చుకొనును. ఇటుకగోడ కొంత, ఇనుపకమ్ములు వేసిన కాంక్రీటు మరింత. ఇనుప బీరువా, రిఫ్రిజిరేటరు, నిలువుటద్దము వెనుక పూత—ఇవి తరంగములను త్రిప్పికొట్టును. చేపల తొట్టిలోని నీరు మ్రింగివేయును. చూపున కింపుగా లేదని రూటరును టీవీ వెనుకనో బీరువా మీది మూలనో దాచుట దీపముపై కుండ బోర్లించుటవంటిది. మన పాత మండువా లోగిళ్ల నడిమి చావడి దీనికి సరియైన తావు: నాలుగు వైపుల గదులకును దూరము సమానము, మండువా పైన ఆకాశమే గాని అడ్డు లేదు. నేటి యిండ్లలోను ఆ నడిమితావునే వెదకవలయును. నేలమీద గాక తలకంటె ఎత్తున, చుట్టును తెరపిగా నుంచవలయును.

మా యక్కగారికి ఎనుబదేండ్లు దాటినవి. మంచము పట్టి వెనుక గదిలో నున్నారు. వైద్యుడు పొరుగూరినుండి ఫోనులో చూచి కాలివాపు పరీక్షించుచుండును. ఒకనాడు బొమ్మ బిగుసుకుపోయి మాట తెగినది. తెగిన మాట యేది? మందు అరబిళ్లయా, ఒకటిన్నర బిళ్లయా యనునదే! ఆ రాత్రి మరల ఆయన దొరకువరకు మాకు కంటికి కునుకు లేదు. కనెక్షను ఇచ్చినవారి నడిగితిమి. ఎక్కువ వేగముగల పథకమునకు మారుడని చెప్పిరి, రుసుమును ఎక్కువే. మేము డబ్బు కట్టుటకు ముందు చిన్న పరీక్ష చేసితిమి. ఫోనును రూటరు ప్రక్కకు కొనిపోయి మాటాడగా బొమ్మ నిర్మలముగా వచ్చినది. కాబట్టి వచ్చు వేగమున లోపము లేదు. ఇంటిలో పంపిణీయందే లోపము. ఈ పరీక్షకు కానీ ఖర్చు లేదు, ప్రతివారును చేయదగును.

గాజుపోగు తీగను మనమే లాగి వంచరాదు. గట్టిగా మడచిన దానిలోని వెలుగు కారిపోవును. మేము పాతపెట్టె నచ్చటనే యుంచి, దానినుండి లాన్ తీగ లాగి, నడిమింట ద్వారబంధముపై రెండవ రూటరు పెట్టితిమి. ఆ తీగ 100 మీటర్ల వరకు పనిచేయును. వెనుక గదిలో ఫోను చూపిన బలము అంతకుముందు −82, తరువాత −61 డెసిబెల్ మిల్లీవాట్లు. ఇవి ఋణసంఖ్యలు, సున్నకు దగ్గరైనకొలది మేలు. పది తగ్గినచో శక్తి పదవవంతగును గనుక ఈ యిరువది యొకటి స్వల్పభేదము గాదు.

కొమ్ములవంటి యాంటెనాల విషయము పలువు రెరుగరు. నిటారుగా నిలిపిన యాంటెనా ఇరుసు. తరంగములు దాని చుట్టు చక్రమువలె ప్రక్కలకు వ్యాపించును, కొనవైపు పోవునది స్వల్పము. కావున ఒకే అంతస్తు గల యింట నన్నిటిని నిటారుగా నుంచుడు. మేడ యున్నచో ఒకదానిని అడ్డముగా వంచుడు.

తీగ లాగుటకు వీలులేనిచోట రిపీటరను చిన్నపెట్టె గలదు. దానిని తరంగ మందని గదిలోనే పెట్టి, పనిచేయలేదని తిట్టువారిని చూచితిని. బావినుండి చేతులు మార్చి కడవలందించునప్పుడు నడిమివాడు మొదటివాని చేతి కందునంత దూరముననే నిలువవలయును గదా! రిపీటరును సగము దారిలో, రూటరు బలము ఇంకను బాగుగా నున్నచోటనే అమర్చవలయును.