ట్రౌట్ కోసం అంత పొద్దున్నే ఎందుకు? ముందు రాత్రి ఏం సర్దుకోవాలి?

అమెరికాలోని మోంటానాలో జులై, ఆగస్టు నెలల్లో ట్రౌట్ కోసం వెళ్లేవాళ్లు తెల్లారేసరికి ఏటి ఒడ్డున ఉంటారు. కొత్తగా వెంట వచ్చే స్నేహితులకు ఇది అర్థం కాదు. సెలవు రోజున నాలుగింటికి లేవడమెందుకు, టిఫిన్ చేసి పదింటికి బయల్దేరితే చేపలు పారిపోతాయా అని అడుగుతారు.

పారిపోవు. వాటికి ఊపిరి కష్టమవుతుంది. ట్రౌట్ చల్లనీళ్ల చేప. నీరు వేడెక్కే కొద్దీ అందులో కరిగే ఆక్సిజన్ తగ్గుతుంది. సముద్రమట్టం దగ్గర 10 డిగ్రీల సెల్సియస్ నీటిలో లీటరుకు సుమారు 11 మిల్లీగ్రాములు కరిగితే, 20 డిగ్రీల నీటిలో 9 మాత్రమే. మోంటానా లాంటి ఎత్తు ప్రాంతాల్లో ఇంకా తక్కువ. వేడికి చేప ఒంటికి కావలసిన ఆక్సిజన్ మాత్రం పెరుగుతుంది. అలాంటప్పుడు గాలానికి చిక్కి పెనుగులాడిన చేపను వదిలిపెట్టినా అది తేరుకోలేకపోవచ్చు. మన కళ్లముందు ఈదుకుంటూ వెళ్లిన చేప ఆ మలుపు అవతల చచ్చిపోవచ్చు.

అందుకే అక్కడ ‘హూట్ ఔల్’ అనే ఆంక్ష ఉంది. నీటి వేడి వరుసగా మూడు రోజులు 73 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 23 సెల్సియస్ తాకితే, ఆ నది మీద మధ్యాహ్నం రెండు నుంచి అర్ధరాత్రి దాకా వేట ఆపేస్తారు. సూర్యుడు దిగిపోయాక కూడా ఎందుకంటే, నీరు వేడెక్కడమూ చల్లారడమూ నెమ్మదే. సాయంత్రం మనకు చల్లగాలి తగిలినా ఏరు ఇంకా వేడిగానే ఉంటుంది. తెల్లవారుజామునే అది బాగా చల్లబడేది.

కాబట్టి సంచిలో మొదట పెట్టాల్సింది థర్మామీటరు. తాడు కట్టి, నీడలో, పారే నీటిలో రెండు నిమిషాలు ఉంచి చూడాలి. 20 సెల్సియస్ దగ్గర ఆపేద్దామని ముందు రాత్రే అందరూ ఒప్పుకోవాలి. ఏట్లో దిగాక, ఎవరికో ఒక్క చేపా పడనప్పుడు, ఆ మాట ఎత్తడం చాలా కష్టం.

ఇక గాలం సంగతి. మన కాలువల దగ్గర గాలం వేసేటప్పుడు ఎర, సీసపు గుండు బరువు దారాన్ని లాక్కెళ్తాయి. ట్రౌట్‌కు వాడే ఫ్లై అంటే ఈకలూ దారమూ చుట్టి పురుగులా చేసిన కొక్కెం. దానికి బరువు లేనట్టే. అందుకని ఇక్కడ బరువంతా లావుపాటి లైన్‌లోనే ఉంటుంది. చర్నాకోల ఝళిపిస్తే ఊపు తాడు వెంట కొసదాకా పాకినట్టు, రాడ్ ఊపు లైన్ వెంట వెళ్లి ఫ్లైని నీటిమీద వాలుస్తుంది. లైన్ చివర లీడర్ అనే పలచటి దారం, దాని కొసన ఇంకా సన్నటి టిప్పెట్ ఉంటాయి.

ఆగస్టు ఉదయాల్లో ట్రైకో అనే బుల్లి మేఫ్లైలు గుంపులుగా ఎగిరి, జతకట్టి, రెక్కలు చాచి నీళ్లమీద రాలతాయి. ట్రౌట్ వాటినే ఏరుకు తింటుంది. వాటికి సరిపోయే 22వ నంబరు కొక్కెం సుమారు అర సెంటీమీటరే ఉంటుంది. చీకట్లో, చలికి బిగిసిన వేళ్లతో దాని కన్నంలో టిప్పెట్ ఎక్కించడం అసాధ్యం. రాత్రే దీపం కింద కట్టి పెట్టుకోవాలి. ముడి బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా లాగితే రాపిడికి వేడెక్కి నైలాన్ బలం పోతుంది. సన్నటి టిప్పెట్ చేపకు కనబడదని చాలామంది మరీ సన్నదానికి వెళ్తారు. తెగుతుందేమోనని భయపడుతూ లాగితే చేప ఎక్కువసేపు పెనుగులాడి అలిసిపోతుంది. కొక్కెం కన్నంలో పట్టేంత మందం వాడడమే మేలని నా అభిప్రాయం.

కొక్కెం మొన వెనక ఉండే ముల్లును పట్టకారుతో నొక్కేయాలి. సరిగ్గా నొక్కామా అన్నది తెలియాలంటే పాత నూలుగుడ్డలో గుచ్చి వెనక్కి లాగండి. ఒక్క పోగు తగులుకున్నా మళ్లీ నొక్కాలి. జులై సెలవుల్లో యెల్లోస్టోన్ నేషనల్ పార్కు చూడ్డానికి వచ్చే తెలుగు కుటుంబాలకు కూడా ఇది అవసరమే. పార్కులో ముల్లున్న కొక్కేలు నిషిద్ధం. మోంటానా లైసెన్సూ అక్కడ చెల్లదు, పార్కు పర్మిట్ వేరే తీసుకోవాలి. ఫెల్ట్ అడుగు బూట్లు కూడా కుదరవు. ఆ మెత్తటి అడుగు తడి పట్టుకుని ఒక ఏటి జీవుల్ని ఇంకో ఏటికి మోస్తుంది. 1994లో మాడిసన్ నదిలో కనబడ్డ న్యూజీలాండ్ మడ్‌స్నెయిల్ అనే బుల్లి నత్త ఇప్పటికీ పోలేదు. ఏ బూట్లయినా బురద కడిగి, పూర్తిగా ఆరాకే ఇంకో నీటిలో దిగాలి.

నలుగురు వెళ్తే ఎలా నిలబడాలి? ట్రౌట్ ప్రవాహానికి ఎదురు మొహం పెట్టి ఉంటుంది కాబట్టి దిగువ నుంచి, దాని వెనకగా వెళ్లాలి. ఇద్దరిద్దరుగా విడిపోయి ఎవరి మేర వాళ్లు పంచుకోవాలి. ముందుకు దాటేవాళ్లు నీళ్లలోంచి కాకుండా ఒడ్డుకు దూరంగా నడవాలి. ఎలుగుబంట్ల ప్రాంతం, కాబట్టి బేర్ స్ప్రే ప్రతి జంట నడుముకూ ఉండాలి. కారులో ఉంటే లాభం లేదు.

చేప పడ్డాక చేయి తడుపుకున్నాకే ముట్టుకోవాలి. పొడి చేయి దాని ఒంటిమీది జిగురు పొరను ఊడదీస్తుంది, రోగాల నుంచి దాన్ని కాపాడేది ఆ పొరే. వలను నీళ్లలోనే ఉంచి కొక్కెం తీయండి. ఫొటో తీసే స్నేహితుడు ముందే ఫోన్ పట్టుకుని సిద్ధమవ్వాలి. అతను సరే అన్నాకే చేపను పైకెత్తాలి, మొప్పల నుంచి కారే నీటి చుక్కలు ఆగకముందే దించేయాలి.