నేతా, నమూనా

మన విమర్శలో ‘నమూనా’ అన్న మాట చవకైపోయింది. పాత్ర వర్గానికి నమూనా అంటాం, ఊరు దేశానికి నమూనా అంటాం. దేన్ని వదిలేస్తే ఆ నమూనా తయారైందో మాత్రం అడగం. ఈ ప్రశ్నను వస్త్ర విజ్ఞానం మనకన్నా నిక్కచ్చిగా అడుగుతున్నది.

మా మిరుదొడ్డి పక్కనున్న దుబ్బాక నేతగాళ్ల ఊరు. అక్కడి మగ్గం మీది గుడ్డనే తీసుకోండి. పేక దారం పడుగు దారాల మీదుగా, కిందుగా పోతుంది గనుక ఏ దారమూ తిన్నగా వుండదు; అలలాగా వంగి వుంటుంది. గుడ్డను లాగితే ముందు ఆ వంపు సాపవుతుంది, ఆ తర్వాతే దారం బరువు మోస్తుంది. కట్టుకొనే బట్టకు ఇది సుఖం. కాంక్రీటులో పెట్టే బట్టకు ఇదే లోపం. కాంక్రీటు తన పొడవులో పదివేలలో ఒకటి రెండు వంతులు సాగేసరికే పగులుతుంది. దారం సాపయ్యేదాకా ఆగదు. అందుకే ఆ పనికి పోగులను వంచకుండా తిన్నగా పరచి గళ్లుగా కుట్టిన జాలీ వాడుతారు. జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఇనుప చువ్వలకు బదులు కార్బన్ పోగుల జాలీ వాడి కట్టిన భవనం 2022లో పూర్తయింది. కార్బన్ తుప్పు పట్టదు.

ఈ వంపును 1937లో ఎఫ్.టి. పియర్స్ అనే శాస్త్రజ్ఞుడు జ్యామితిలోకి తెచ్చాడు. లెక్క సాగడానికి దారం గుండ్రంగా వుంటుందనుకొన్నాడు. నిజానికి ఒక దారం కింద ఇంకో దారం నలిగి చపటవుతుంది. ఆ సంగతి ఆయనకూ తెలుసు; తెలిసే వదిలాడు. నేడు కంప్యూటరు ఆ నలుగుడును కూడా లెక్కిస్తున్నది. గుడ్డలో మళ్లీ మళ్లీ వచ్చే ఒక చిన్న గడిని తీసుకొని, వేల ముక్కలు చేసి, ఏ ముక్క పక్క ముక్కను ఎంత లాగుతుందో కడుతుంది. నాటింగ్‌హాం విశ్వవిద్యాలయం వారి టెక్స్‌జెన్ ఇందుకు పనికివచ్చేదే. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. (జ్ఞానం ఉమ్మడి సొత్తని నినాదాలిచ్చే మనం గమనించవలసిన విషయం.)

నానో పోగు దగ్గర ఈ గడి పద్ధతి చెల్లదు. మీటరులో వందకోట్లో వంతు నానోమీటరు. ఈ పోగుల మందం కొన్ని వందల నానోమీటర్లు. వీటికి మగ్గం లేదు. పాలిమర్ ద్రావణానికి వేల వోల్టుల విద్యుత్తు తగిలిస్తే సన్నని ధార కొరడాలా ఝళిపించుకొంటూ, దారిలోనే ఆరిపోతూ, చిక్కుపడిన పొరగా వచ్చి పడుతుంది. పడుగూ లేదు, పేకా లేదు. అందుచేత కంప్యూటరు ఎటుపడితే అటు గీతలు గీసి, అలాంటి పొరలను వందలకొద్దీ కల్పించి, వాటి సందుల సగటునూ చెదురునూ చూస్తుంది. గోడకు వేసే పొరలో ఆ సందుల గుండా నీటి ఆవిరి బయటికి పోవాలి, వాన చుక్క లోపలికి రాకూడదు. ఇక్కడ ఏ ఒక్క పోగూ ప్రతినిధి కాదు, గుంపే ప్రతినిధి. లూకాచ్ చెప్పిన ప్రాతినిధ్య పాత్ర మీద తగవులాడుకొనే మిత్రులు ఇక్కడ కాస్త నిలబడాలి.

ఇంత లెక్కా అయ్యాక అసలు పొరను యంత్రంలో బిగించి చిరిగేదాకా లాగుతారు. లెక్కకూ చిరుగుకూ పొసగకపోతే మారేది లెక్కే. నేతగాడి మీద రాసిన కథను మనం ఏ గుంటమగ్గం ముందు కూర్చొని చదివి వినిపించాం? అతను కాదంటే ఏ వాక్యం మార్చుకొన్నాం?