కుక్కల గోమార్లు: మాత్ర ఒక్కటే చాలునా?

ప్రాణి చిన్నదని దాని శక్తిని తక్కువగా అంచనా వేయరాదు. 1897 ఆగస్టు 20న, సికింద్రాబాదు చెంతనున్న బేగంపేటలో పనిచేయుచుండిన రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. మరుసటి సంవత్సరమున, అనగా 1898లో, పాల్ లూయీ సిమోన్ అను ఫ్రెంచి వైద్యుడు కరాచీలో ప్రయోగము చేసి, ప్లేగు వ్యాధిని ఎలుక నుండి ఎలుకకు మోయునది వాటి ఒంటిపై గెంతుచుండు పురుగేనని చూపెను. ఆ పురుగు జాతికి చెందినదే మన కుక్కలను పీడించు గోమారి. కుక్క గోమారి ప్లేగును తెచ్చునని భయపడనవసరము లేదు. కాని ఆ ఇద్దరు శాస్త్రజ్ఞులు నేర్పిన పాఠము దీనికిని వర్తించును. పురుగును జయింపవలెనన్న, మొదట దాని బ్రతుకు తీరు తెలియవలెను.

ఉస్మాన్‌సాగరు చేరువనున్న జన్వాడ వంటి గ్రామములలోను, చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలోను కుక్క లేని వీధి అరుదు. మందవెంట పోవు కుక్క, చేనుకు కావలియుండు కుక్క, తోట బంగళాల గేటు వద్ద కట్టియుంచిన జాతి కుక్క, ఎవరిదీ కాని వీధి కుక్క: వీటన్నిటికిని గోమారి సమానమైన చుట్టము. మన ఇండ్లలో పలువురు కుక్కను గదిలోనికి రానీయక వాకిటనే ఉంచుదురు. అందువలన గోమారి బెడద తమకు తగలదని వారి నమ్మకము. అది ఎంతవరకు నిజమో ఈ వ్యాసమున పరిశీలింతము.

ముందుగా పేరును గూర్చి ఒక మాట. కొన్నిచోట్ల గోమారి అను పేరును పిడుదుకు కూడ వాడుదురు. పిడుదు ఎనిమిది కాళ్లది, చర్మమును కరచిపట్టుకొని రక్తము త్రాగి గింజవలె ఉబ్బును, అది గెంతలేదు. మేమిచ్చట గోమారియని వ్రాయునది ఆరు కాళ్లతో, ఇరుప్రక్కల నొక్కినట్లు పలుచనైన గోధుమరంగు దేహముతో, రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుండి, పట్టబోయినంతనే గెంతి మాయమగు పురుగు. రెండింటికిని మందులు కొంతవరకు ఒకటే అయినను, బ్రతుకు తీరు వేరు.

గోమారి జీవితము నాలుగు దశలది: గ్రుడ్డు, పిల్లపురుగు, గూడుపురుగు, పెద్దపురుగు. మనకు కంటబడునది పెద్దపురుగు మాత్రమే. అది కుక్కపై చేరిన కొద్ది నిమిషములలోనే రక్తము త్రాగ మొదలిడును. ఒకటి రెండు రోజులలో గ్రుడ్లు పెట్టనారంభించును. ఒక్క ఆడపురుగు దినమునకు నలుబది, ఏబది గ్రుడ్లవరకు పెట్టగలదు. ఈ గ్రుడ్లు వెండ్రుకలకు అంటుకొనవు. కుక్క పడుకొన్నచోట, ఒళ్లు విదిలించినచోట ఉప్పు రేణువులవలె రాలిపోవును. వాటినుండి వెలువడిన పిల్లపురుగులు వెలుతురుకు జడిసి గోనెపట్టా క్రిందికి, గచ్చు పగుళ్లలోనికి, నీడపట్టు మట్టిలోనికి దూరును. వాటి ఆహారము పెద్దపురుగులు విసర్జించిన ఎండురక్తము. తరువాత అవి జిగట దారముతో గూడు అల్లుకొనును. ఆ గూటికి దుమ్ము పట్టి కంటికి ఆనదు. మందు కూడ లోనికి సులభముగా చేరదు. లోపలి పురుగు వారము దినములలో బయటికి రావచ్చును. అనుకూలము కానిచో కొన్ని నెలలు వేచియుండనూవచ్చును. అడుగుల అదురు, ఒంటి వేడి, ఊపిరి సోకగానే అది బయటికి దూకును. సెలవులకు ఊరికి పోయి వచ్చి మూసిన తలుపు తీయగానే కాళ్లకు గోమార్లు ముసురుకొనుటకు కారణమిదియే.

పరిశోధకుల లెక్క ప్రకారము, గోమార్లు పట్టిన ఇంటిలో పెద్దపురుగులు మొత్తములో నూటికి అయిదు మాత్రమే. తక్కినవానిలో దాదాపు సగము గ్రుడ్లు, ముప్పది అయిదు పాళ్లు పిల్లపురుగులు, పది పాళ్లు గూడుపురుగులు. అనగా శత్రువు కుక్క ఒంటిపై కంటె కుక్క పడకలోనే ఎక్కువగా నున్నాడు. మాత్ర వేసిన వారమునకే మరల గోమార్లు కనబడగానే మందు కల్తీదని దుకాణదారుని నిందించువారు ఈ సంగతి మరచుచున్నారు. మాత్ర పనిచేయుచునే యుండును. గూళ్లనుండి క్రొత్త పురుగులు వచ్చుచునే యుండును. కనుక కనీసము మూడు నెలలు విడువక మందు సాగవలెను.

వాకిట చేయవలసిన పని ఖర్చులేనిది. కుక్క పడుకొను గోనెను, గుడ్డను వారమునకొకసారి వేడినీట ఉతికి ఎండలో ఆరవేయవలెను. పడకచోటును ఊడ్చి, ఆ చెత్తను కాల్చవలెను లేదా కట్టి పారవేయవలెను. పిల్లపురుగునకు తేమయే ప్రాణము. పొడిగాలికి, నడియెండకు అది నిలువలేదు. కనుకనే మన ప్రాంతమున వానకాలమున బెడద హెచ్చి, ఎండాకాలమున తగ్గును. గచ్చు పగుళ్లు పూడ్చుట, కుక్క తావును ఎండ తగులుచోటికి మార్చుట కూడ మందుతో సమానమే.

ఇక కుక్క మాట. పండ్లు దగ్గరగానున్న దువ్వెనతో తోకమొదలు, నడుము, మెడ దువ్వి, రాలిన నల్లని నలుసులను తడి తెల్లకాగితముపై ఉంచవలెను. అవి ఎర్రగా కరగినచో గోమారి విసర్జించిన రక్తమని నిశ్చయము. దువ్వెనకు చిక్కిన పురుగులను సబ్బునీటిలో ముంచవలెను. గోమార్లు మెండుగా పట్టిన చిన్న కుక్కపిల్ల రక్తహీనతతో మరణించుట కలదు. దాని చిగుళ్లు పాలిపోయి కనబడినచో జాప్యము చేయరాదు. మరియొక ప్రమాదము బద్దెపురుగు. గోమారిని కొరికి మ్రింగిన కుక్క కడుపులో ఇది పెరిగి, బియ్యపుగింజల వంటి ముక్కలుగా మలద్వారమున కనబడును. పొరపాటున గోమారిని మ్రింగిన పసిపిల్లలకు కూడ ఇది సోకవచ్చును. దీనికి ప్రాజిక్వాంటెల్ మాత్ర వేరుగా వేయవలెను.

చేయరాని పనులు కొన్ని కలవు. కిరసనాయిలు పూయుట, ఫినాయిలుతో కడుగుట, చేనికి కొట్టు పురుగుమందును కుక్కపై చల్లుట ప్రాణాంతకములు. ఒకప్పుడు ఇంటింట వాడిన గమాక్సిన్ పొడిని, అనగా బి.హెచ్.సి.ని, భారతదేశమున 1997లో నిషేధించిరి. కుక్కలకై చేసిన పెర్మెత్రిన్ మందు పిల్లికి తగిలినచో పిల్లి చచ్చును. వేపాకు నీరు కొంత ఉపశమనమిచ్చినను, అదియొక్కటే ముట్టడిని ఆపజాలదు.

నేటి మాత్రలలో నైటెన్‌పైరామ్ అరగంటలోనే పనిచేయ మొదలిడును గాని ఒక్క దినమే నిలుచును. 2013, 2014 సంవత్సరములలో అమెరికాలో అనుమతి పొందిన అఫాక్సొలనెర్ ఒక నెల, ఫ్లూరలనెర్ సుమారు మూడు నెలలు కాపాడును. ఇవి రక్తమున చేరి, కరచిన పురుగును చంపును. ఈ తరగతి మందుల వలన కొన్ని కుక్కలకు వణకు, మూర్ఛ కలుగవచ్చునని 2018లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించినది. కావున మూర్ఛ వచ్చు కుక్కకు వైద్యునడుగక వేయరాదు. మోతాదు కుక్క బరువును బట్టి యుండును. పెద్ద కుక్క మాత్రను సగముచేసి చిన్నదానికి వేయుట పొదుపు కాదు, ప్రమాదము.

మాత్ర తెచ్చుట సులభము, మ్రింగించుట కష్టము. మొదటి ఉపాయము ఆశ చూపుట. ఉడికిన గ్రుడ్డు, కార్జము, నేతి రొట్టె వంటి వానితో మూడు చిన్న ముద్దలు చేయవలెను. మొదటిది ఉత్తది, రెండవదానిలో మాత్ర, మూడవది కుక్క కంటికి కనబడునట్లు చేత పట్టుకొనవలెను. మూడవదానిపై ఆశతో అది రెండవదానిని నమలక మ్రింగును. ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్టు కలిసిన పదార్థములు కుక్కకు విషతుల్యములు. మాత్రను పళ్లెమంతటి అన్నములో కలుపరాదు. సగము మిగిలినచో మందెంత చేరెనో తెలియదు. ఫ్లూరలనెర్ వంటివి భోజనముతో ఇచ్చిననే బాగుగా ఒంటబట్టును.

ఆశకు లొంగని కుక్కకు చేతితో వేయవలెను. దానిని గోడమూలకు కూర్చుండబెట్టి, ఎడమచేతిని ముక్కుమీదుగా వేసి, బొటనవ్రేలు ఒకప్రక్క, తక్కిన వ్రేళ్లు మరియొకప్రక్క కోరపళ్ల వెనుక ఉంచి, మూతి పైకెత్తవలెను. అప్పుడు క్రింది దవడ తానే కొంత సడలును. కుడిచేతి బొటనవ్రేలు, చూపుడువ్రేళ్ల నడుమ మాత్రను పట్టి, నడిమివ్రేలితో క్రింది ముందరిపళ్లను నొక్కి నోరు తెరచి, నాలుక మొదట నడిమధ్య ఉంచవలెను. నాలుక కొసపై పెట్టిన మాత్ర తిరిగి మన చేతికే వచ్చును. వెంటనే నోరు మూసి, తలను సమముగా దించి, గొంతు నిమురవలెను. కుక్క ముక్కు నాకుకొన్నచో సాధారణముగా మ్రింగినట్లే. పిమ్మట కొద్ది నీరు, ఒక ఇష్టమైన ముద్ద, ఒక మంచిమాట ఈయవలెను. తల ఎత్తిపట్టి నీరు పోయరాదు. అది ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. కరచు స్వభావముగల కుక్కకు ఈ పని పశువైద్యుని చేతనే చేయింపవలెను. పొరపాటున పన్ను గీరినను సబ్బుతో, పారు నీటితో పదునైదు నిమిషములు కడిగి, ఆలస్యము లేక ఆసుపత్రికి పోవలెను. రేబిస్ విషయమున ఉపేక్ష పనికిరాదు.

గోమారి కుక్కతో ఆగదు. కుక్కలపై సాధారణముగా కనబడు గోమారి జాతియే మేకలను, గొర్రెలను కూడ పట్టి, చిన్న పిల్లలను రక్తహీనములను చేయును. బక్రీదుకై తెచ్చిన మేకను కుక్క పడకకు దగ్గరగా కట్టుట మన వాకిళ్లలో కలదు. అట్టి మేకకు గోమార్లు పట్టినవని కుక్కమందును వేయుట మహాదోషము. మందు మాంసమున నిలిచి తినువారికి చేరును. మేకకు వేరు మందు, మందు వేసిన పిదప మాంసమునకు వేరు గడువు కలవు. ఆ రెండింటిని పశువైద్యుడే చెప్పవలెను.

జన్వాడ వాసులకు మరియొక బాధ్యత కలదు. 1908 మూసీ వరద పిమ్మట తలపెట్టి 1920లో ముగించిన ఉస్మాన్‌సాగరు నగరమునకు త్రాగునీటికై కట్టినది. దాని పరివాహక ప్రాంతమును కాపాడుటకే 1996లో 111వ నంబరు ఉత్తర్వు వెలువడినది. కుక్కల మెడపై వేయు చుక్కలమందులోని ఫిప్రోనిల్ ఇంగ్లండులో పరీక్షించిన ఇరువది నదుల నీట కనబడెనని 2020లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ మందు నీటి పురుగులకు విషము. వాటిని తిను చేపలకును ఆహారము కొరవడును. కావున చుక్కలమందు వేసిన కుక్కను చెరువులో, కుంటలో, వాగులో కడుగరాదు. ఖాళీ సీసాలను గట్టుపై విసరరాదు.

విద్యార్థి మిత్రులారా! కుక్కను గదిలోనికి రానీయకున్న చాలునను నమ్మకము నిలువదు. గ్రుడ్లు రాలునది వాకిటనే, మన పిల్లలు ఆడునది అక్కడే, మేక కట్టునది అక్కడే. ఒక నోటుపుస్తకమున కుక్క బరువు, మాత్ర పేరు, వేసిన తేది, తరువాతి తేది వ్రాసికొని, పడక ఉతుకుటకు వారమున ఒక దినమును నిర్ణయించుకొనుడు. ప్రక్క యింటి కుక్కకు కూడ అదే నెలలో మందు పడునట్లు చూచిన మరింత మేలు. నోరులేని ప్రాణి తన దురదను గోకి చెప్పుటయే గాని మాటతో చెప్పలేదు. దానిని అర్థము చేసికొని, మూడు నెలలు ఓపిక పట్టుట చదువుకొన్న మనకు కష్టమైన పని కాదు.