పలక మీద ఈనాటి తారీఖు

1970 ఫిబ్రవరి 2న ఏం జరిగింది?

మార్కాపురం, కంభం, గిద్దలూరు ప్రాంతంలో ఏ బడికైనా వెళ్లి ఈ ప్రశ్న అడిగి చూడండి. పిల్లలు నెహ్రూ అంటారు, యుద్ధం అంటారు, క్రికెట్ అంటారు. ఆ రోజు పుట్టింది 2025 దాకా వాళ్లదైన జిల్లా. గుంటూరు జిల్లా నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల; నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి; కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. 1972 డిసెంబరు 5న దానికి ప్రకాశం పేరు పెట్టారు. టంగుటూరి ప్రకాశం పంతులు పుట్టింది 1872 ఆగస్టు 23న, అంటే అది ఆయన శతజయంతి ఏడాది.

నేను హైస్కూల్లో సోషల్ చెబుతాను. పొద్దున అసెంబ్లీలో ప్రార్థన, ప్రతిజ్ఞ, వార్తలు అయ్యాక 'చరిత్రలో ఈ రోజు' ప్రశ్న ఉంటుంది. (ఆ ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు అనే తెలుగువాడు రాశాడని చాలా బళ్లలో పిల్లలకు ఎవరూ చెప్పరు. చెప్పాలి.) ప్రశ్నను గేటు పక్కన పెద్ద మార్కాపురం రాతి పలక మీద సుద్దముక్కతో రాస్తాం. సాయంత్రం దాకా జవాబు వెతుక్కోవచ్చు.

తారీఖుల జాబితాలకు కరువు లేదు. ఫోన్ తెరిస్తే ప్రతి రోజుకూ పాతిక సంఘటనలు వస్తాయి. టైటానిక్ మునిగింది, చంద్రుడి మీద కాలుపెట్టారు, ఫలానా రాజు పట్టాభిషిక్తుడయ్యాడు. ఇవన్నీ తెలియాల్సినవే. కానీ ఏడాది పొడుగునా ఇవే అడిగితే, చరిత్ర ఎక్కడో జరిగేది, మన ఊరికి అది రాదు అన్న నమ్మకం పిల్లల్లో పాతుకుపోతుంది. నేను పోట్లాడేది ఆ నమ్మకంతోనే.

ఫిబ్రవరి 2 జవాబు ఇంట్లోనే దొరుకుతుందని చెబుతాను. "మీ అవ్వనడగండి, ట్రంకుపెట్టెలో పాత దస్తావేజులు ఉంటే చూపించమనండి" అంటాను. 1970కి ముందు రాసిన పొలం కాగితాల మీద కర్నూలు జిల్లా అని ఉంటుంది. అది చూసిన పిల్లలు "మేడమ్, మనం రాయలసీమోళ్లమా?" అని అడుగుతారు. ఆ ప్రశ్న నుంచి వెనక్కి నడవొచ్చు. 1800 అక్టోబరు 12న నిజాం ఈ సీమను ఇంగ్లీషు కంపెనీకి ధారపోశాడు. అందులో కంభం కూడా ఉంది. థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి భూములు కొలిపించాడు. 1808లో ఆ సీమను బళ్లారి, కడప జిల్లాలుగా చీలిస్తే మనం కడపలో పడ్డాం. 1858లో కర్నూలుకు మారాం. 1970లో ఒంగోలుకు. 2025 చివర్లో మార్కాపురమే జిల్లా కేంద్రమైంది. పొలం కదల్లేదు, అర్జీ పట్టుకుని పోవాల్సిన ఊరు మాత్రం ఇన్నిసార్లు మారింది. రాచర్ల రైతుకు ఒంగోలు కలెక్టరాఫీసు ఎంత దూరమో తెలిసినవాళ్లకు ఈ తారీఖుల విలువ ఒకరు చెప్పక్కర్లేదు.

ఇదే వరసలో అక్టోబరు 1 నాకు చాలా ఇష్టం. 1953లో ఆ రోజున ఆంధ్ర రాష్ట్రం కర్నూలు రాజధానిగా ఏర్పడింది. అప్పటికి మార్కాపురం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోనివే. మన జిల్లా కేంద్రమే రాష్ట్ర రాజధాని అన్నమాట! ముఖ్యమంత్రి ప్రకాశం పంతులు. దాని వెనక పొట్టి శ్రీరాములు గారి దీక్ష ఉంది: 1952 అక్టోబరు 19న మొదలుపెట్టి డిసెంబరు 15 రాత్రి ప్రాణం విడిచారు. "ఎన్ని రోజులు?" అని అడిగితే పిల్లలు వేళ్లు మడిచి లెక్కపెడతారు. 58 అన్న జవాబు వచ్చేసరికి అల్లరి దానంతటదే ఆగిపోతుంది.

మరి ఇంగ్లీషు తారీఖులు లేని కాలం సంగతి? అక్కడే పని కష్టం, రుచి కూడా అక్కడే. శాసనాల్లో అక్టోబరు, నవంబరు ఉండవు. శక సంవత్సరం, ప్రభవ విభవల్లో ఆ ఏటి పేరు, మాసం, పక్షం, తిథి ఉంటాయి, చాలాసార్లు వారం కూడా ఉంటుంది. శ్రీకృష్ణదేవరాయలు చనిపోయిన రోజు అలాగే తేలింది. కర్ణాటకలో తుమకూరు జిల్లా హొన్నేనహళ్లి శాసనంలో శక 1451, విరోధి నామ సంవత్సరం, కార్తీక శుద్ధ పౌర్ణమి, చంద్రగ్రహణం అని ఉంది. శక సంవత్సరానికి 78 కలిపితే 1529. అరవై ఏళ్ల చక్రంతో సరిచూడొచ్చు: మనకు తెలిసిన విరోధి 2009లో వచ్చింది, అందులోంచి ఎనిమిది అరవైలు తీసేస్తే మళ్లీ 1529. పౌర్ణమి, గ్రహణం కలిపి గణిస్తే అది అక్టోబరు 17, ఆదివారం. ఏడో తరగతి పిల్లలు ఈ లెక్కలో సంవత్సరం దాకా సొంతంగా చేయగలరు. నల్లబల్ల మీద 1529 వచ్చినప్పుడు వాళ్ల ముఖాలు చూడాలి!

కంభం చెరువు కట్టను రాయల కాలంలోనే గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ వేయించిందని మనవాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ నిలబడిన ఆ కట్టకు 2020లో ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు వచ్చింది. దీన్ని నేను తారీఖు ప్రశ్నగా అడగను. చెరువు దగ్గరికి తీసుకెళ్లి చూపిస్తాను.

ఇంగ్లీషు తారీఖులు కూడా అన్నీ ఒక్క లెక్కవి కావు. ఇంగ్లీషు రచయిత షేక్‌స్పియర్, స్పెయిన్ రచయిత సెర్వాంటెస్ ఇద్దరూ 1616 ఏప్రిల్ 23న పోయారని జాబితాలు రాస్తాయి. అప్పటికి స్పెయిన్ కొత్త క్యాలెండరు పట్టింది, ఇంగ్లండు పట్టలేదు. నిజానికి ఆ రెండు ఏప్రిల్ 23ల మధ్య పది రోజుల తేడా ఉంది. ఇంగ్లండు 1752లో మారినప్పుడు సెప్టెంబరు 2 తర్వాతి రోజు 14 అయింది.

మార్చి వచ్చిందంటే వెలిగొండ ప్రశ్న పెట్టక తప్పదు. మా మార్కాపురం వైపు మండలాల్లో బోరు ఎండని ఇల్లు, ఎండాకాలం ట్యాంకరు కోసం బిందెలు పెట్టని వీధి అరుదు. శ్రీశైలం వెనక జలాలను నల్లమల కింద నుంచి తెచ్చే ఈ ప్రాజెక్టుకు 1996 మార్చిలో శంకుస్థాపన జరిగింది. సుమారు 18.8 కిలోమీటర్ల చొప్పున ఉన్న జంట సొరంగాలను 2024 మార్చి 6న జాతికి అంకితం చేశారు. ఆ తారీఖుకు ఎదురుగా పిల్లలు 'వెలిగొండ పూర్తి' అని రాస్తే నేను ఒప్పుకోను. ముంపు ఊళ్ల పునరావాసం, కాలువల పని అప్పటికి మిగిలే ఉన్నాయి. చెరిపించి 'సొరంగాలు అంకితం' అని రాయిస్తాను. శంకుస్థాపన, ప్రారంభం, నీళ్లు పారడం మూడూ వేరు వేరు తారీఖులని, పొలానికి పనికొచ్చేది మూడోదేనని వాళ్లకు అప్పుడే చెబుతాను.