బరువు తగ్గాల్సిన వారికి వేరే గిన్నె వద్దు

మీ ఇంట్లో ఒకరికి "బరువు తగ్గాలి, ఆహారం మార్చండి" అని డాక్టరు గారు చెప్పి పంపించారా? అయితే ఈ నాలుగు మాటలు రోగి కంటే ముందు మీరు చదవాలి. చీటీ మీద పేరు నాన్నగారిదే కావచ్చు, గరిటె మాత్రం అమ్మ చేతిలోనో, కోడలి చేతిలోనో ఉంటుంది.

చాలా ఇళ్ళల్లో జరిగేది ఇదీ. మొదటి వారం నాన్నగారికి విడిగా చప్పటి కూర, రెండు పుల్కాలు. పక్కనే పిల్లలకు బంగాళదుంప వేపుడు, ముద్దపప్పు, నెయ్యి. రెండో వారానికి "పాపం, నోరు చచ్చిపోయింది" అంటూ ఆయన కంచంలోకీ ఆవకాయ వచ్చేస్తుంది. ఒకే ఇంట్లో రెండు వంటలు ఎక్కువ కాలం సాగవు. కాబట్టి ఇంటి వంటే మారాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక మన డెల్టాలో వరి పంటకు లోటు లేకుండా పోయింది. కంచం నిండా అన్నం తిన్న మన తాతలు పొద్దంతా దమ్ముల్లో, నాట్లలో, నూర్పిళ్ళలో ఒళ్ళు వంచేవారు. ఇప్పుడు దమ్ము ట్రాక్టరు చేస్తోంది, కోత మిషను కోస్తోంది. కంచం మాత్రం తగ్గలేదు. 2005లో గోదావరి జిల్లాల్లోని 20 గ్రామాల్లో 30 ఏళ్ళు దాటిన వారిని పరీక్షిస్తే నూటికి సుమారు 13 మందికి షుగరు ఉన్నట్టు తేలింది. షుగరు పట్నం వాళ్ళ జబ్బు అనుకునే రోజులు పోయాయి.

పొట్ట దగ్గర చేరిన కొవ్వుకు షుగరుతోనూ, బి.పి.తోనూ, గుండెపోటు, పక్షవాతాలతోనూ దగ్గర సంబంధం ఉంది. దర్జీ టేపుతో నడుము చుట్టూ కొలిచి చూడండి. మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి. రోగినే కాదు, మీరూ కొలుచుకోండి.

వారానికి అరకిలో తగ్గితే చాలు. అందుకు రోజూ తినేదాంట్లో సుమారు 500 కేలరీలు తగ్గించాలి. వినడానికి పెద్దగా ఉంటుంది గాని లెక్క వేసి చూడండి. రెండు పూటలా కలిపి 200 గ్రాముల అన్నం తగ్గిస్తే సుమారు 260 కేలరీలు. మూడు టీలలో రెండేసి చెంచాల పంచదార మానితే 120. కూరల్లో మనిషికి మూడు చిన్న చెంచాల నూనె తగ్గిస్తే 135. కడుపు మాడ్చకుండానే 500 దాటింది.

తగ్గించిన అన్నం చోటు ఖాళీగా ఉంచకండి. కంచంలో సగం కూర ఉండాలి. మనకు ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, తోటకూర, బచ్చలికి కొదవ లేదు. పప్పు, గుడ్డు, మజ్జిగ కూడా ఉండాలి. చేప మంచిదే, వేపుడు కాకుండా పులుసు పెట్టండి. నూనె డబ్బా మీద తారీఖు రాసుకోండి. నలుగురున్న ఇంటికి నెలకు రెండు లీటర్లు సరిపోవాలి.

"రాత్రి అన్నం మానేసి చపాతీలే తింటున్నారండీ, అయినా తగ్గలేదు" అని చాలామంది అంటారు. వంద గ్రాముల గోధుమపిండిలోనూ, వంద గ్రాముల బియ్యంలోనూ కేలరీలు దాదాపు సమానం. నూనె వేసి కాల్చిన నాలుగు చపాతీల కంటే కొలిచి పెట్టిన అన్నమే నయం. అలాగే బెల్లం పూతరేకు షుగరు వారికి పరవాలేదన్న మాట నమ్మకండి. ఆత్రేయపురం నుండి చుట్టాలు తెస్తే ఆ డబ్బా ఇంట్లో నిలవ ఉంచకుండా పదిమందికీ పంచేయండి.

ఇక ఉపవాసం. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు శుక్రవారం ఉపవాస కూడికకు ఏమీ తినకుండా వెళితే షుగరు బాగా పడిపోయి చెమటలు, వణుకు, స్పృహ తప్పడం జరగవచ్చు. ఉపవాసం ఉండాలనుకుంటే ముందే డాక్టరు గారిని అడగండి. మందు మోతాదు మార్చాల్సి ఉంటుంది. రోజూ అన్నం తగ్గించినా ఆ సంగతి చెప్పాలి. బరువు తగ్గడం కోసమని దానియేలు లాగా పది రోజులు శాకధాన్యాలు, నీళ్ళతో ఉండబోయేవారూ ఉన్నారు. ఆ పది రోజుల తరువాత దానియేలు మరింత పుష్టిగా కనబడ్డాడని వారు మరచిపోతారు!

గర్భిణులు, కిడ్నీ జబ్బు ఉన్నవారు ఈ పేజీ చూసి ఆహారం మార్చవద్దు. వారి పద్ధతి వేరు. ఏ ప్రయత్నమూ లేకుండా మీ ఇంట్లో ఎవరైనా బరువు తగ్గిపోతుంటే సంతోషించకండి. షుగరు ముదిరినా, టి.బి. వచ్చినా అలా జరుగుతుంది. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.