స్లైడ్‌లో దర్రీ నేయిద్దాం: ముట్టుకుంటే కదిలే యానిమేషన్ పెట్టుడు ఎట్ల?

ఈరోజు ముచ్చట ఆన్‌లైన్ స్లైడ్ల గురించి. స్లైడ్‌లో ఫొటో పెట్టుడు, వీడియో పెట్టుడు మీకు వచ్చే ఉంటది. మరి చూసేవాళ్లు వేలితో ముట్టుకుంటే కదిలే బొమ్మను ఎట్ల పెట్టాలి? అసలు అది ఎప్పుడు అవసరం? మన వరంగల్ కొత్తవాడ దర్రీనే తీసుకుని చెప్త.

కొత్తవాడ అంటేనే జంపఖానాలు. 2018లో వరంగల్ దర్రీలకు జీఐ ట్యాగ్ కూడా వచ్చింది. ఇప్పుడు నేత పని చేసే ఇంట్ల ఒక అమ్మాయి, కొనేవాళ్లకు వాట్సాప్‌లో ఫొటో పంపిందనుకోండి. "ఇంత రేటా? ఇట్లాంటిదే ఆన్‌లైన్‌లో సగానికి వస్తోంది కదా" అంటరు. ఆ సగం రేటుది ప్రింట్ వేసింది కావచ్చు. ఫోన్ స్క్రీన్ మీద రెండూ ఒక్క తీరే కనిపిస్తయి. తేడా తెలియకపోతే రేటు ఎందుకంతో ఎవరికీ అర్థం కాదు.

తేడా ఏందంటే, మామూలు గుడ్డలో పేక నూలు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోతది. ఇంటర్‌లాక్ దర్రీలో అట్ల కాదు. ఎరుపు రంగు ఎంతవరకు ఉండాలో అక్కడిదాకే ఎర్ర నూలు పోయి, వెనక్కి తిరుగుతది. దాని పక్కన తెల్ల నూలు మొదలైతది. రెండూ కలిసే చోట ఒకదాన్నొకటి పట్టుకోవాలి. పట్టుకోకపోతే నిలువు గీత పొడవునా సందు పడుతది. ఒక్క వరుసలో ఎన్నిసార్లు రంగు మారితే నేసేవాళ్ల చెయ్యి అన్నిసార్లు ఆగాలె.

నేను మొదట ఇదంతా జిఫ్‌గా చేసిన. బాగనే ఉంది, కానీ దాని మానాన అది తిరుగుతనే ఉంటది, చూసేవాళ్లు ఊకె చూస్తరు. పైగా అందులో నాడె అంచు నుంచి అంచుకు ఉరికింది. నేతలో ఉన్న ఒక పెద్దాయనకు చూపిస్తే నవ్విండు. "గట్ల పోతే గీ డిజైన్ ఎట్ల వస్తది బిడ్డా?" అన్నడు. మళ్లీ మొదటికి వచ్చిన.

ఈసారి ఒకటే బటన్ పెట్టిన: "నూలు కలుపు". అది నొక్కకుండా పది వరుసలు నేస్తే, ఎరుపు తెలుపుల మధ్య సందు తెరుచుకుంటది. నొక్కి నేస్తే మూసుకుంటది. ఇంకో బటన్ దర్రీని తిరగేస్తది. ఇంటర్‌లాక్‌లో డిజైన్ రెండు దిక్కులా ఉంటది, ప్రింట్ అయితే ఒక్క దిక్కే పూర్తిగా కనిపిస్తది. ఈ తప్పు చూసేవాళ్లే చేసి చూడాలె. అట్ల చేయించే అవసరం లేకపోతే వీడియో చాలు, ఇంత కష్టం అక్కర్లేదు.

ఇగ పెట్టుడు ఎట్ల? గూగుల్ స్లైడ్స్‌లో బయటి వెబ్ పేజీని స్లైడ్ లోపలే నడిపించలేం. జిఫ్, యూట్యూబ్ వీడియో పెట్టొచ్చు, లింక్ ఇవ్వొచ్చు, అంతే. అయితే ఒక ఉపాయం ఉంది. ఒక్కో వరుసకు ఒక్కో స్లైడ్ గీసి, బటన్ బొమ్మకు ఆ స్లైడ్ లింక్ ఇవ్వండి. నొక్కినకొద్దీ దర్రీ పెరిగినట్టు కనిపిస్తది. బటన్ కాకుండా వేరే చోట నొక్కితే తర్వాతి స్లైడ్‌కు దుంకుతది కాబట్టి, స్లైడ్ మొత్తానికి కనిపించని డబ్బా ఒకటి వేసి, దానికి అదే స్లైడ్ లింక్ ఇవ్వండి. బటన్‌లు ఆ డబ్బా మీద ఉండాలె.

కోడింగ్ కొంచెం తెలిస్తే రివీల్ జేఎస్ వాడండి, ఉచితమే. ఇందులో స్లైడ్లే వెబ్ పేజీలు. యానిమేషన్‌ను పీ5 జేఎస్‌లో రాసి, దాని ఎడిటర్‌లో షేర్ నొక్కితే ఎంబెడ్ కోడ్ వస్తది. ఆ ఐఫ్రేమ్ కోడ్ స్లైడ్‌లో అతికించాలె. సోర్స్ అని ఉన్నచోట డేటా-సోర్స్ అని మారిస్తే, ఆ స్లైడ్ దగ్గరికి వచ్చినంకనే లోడ్ అయితది. మొబైల్ డేటా మీద చూసేవాళ్లకు ఇది చాలా ముఖ్యం. ఐఫ్రేమ్ ఖాళీగా కనిపిస్తే మీ కోడ్ తప్పని గాబరా పడకండి. కొన్ని సైట్లు తమ పేజీని వేరే పేజీ లోపల చూపించనివ్వవు.

అసలు తంటా ఫోన్‌లోనే. యానిమేషన్ మీద వేలు జరిపితే ఆ కదలిక యానిమేషన్‌కే పోతది, స్లైడ్ మారదు. స్క్రీన్ నిండా యానిమేషన్ పెడితే చూసేవాళ్లు అందులోనే ఇరుక్కుపోతరు. పైన, కింద వేలు పట్టేంత ఖాళీ వదలండి. ల్యాప్‌టాప్‌లో కూడా అంతే. ఒక్కసారి యానిమేషన్ మీద క్లిక్ చేసినంక బాణం కీలు పనిచేయవు. బయట ఒకసారి క్లిక్ చేస్తే మళ్లీ వస్తయి. స్టేజీ మీద ఇది తెలియక చెమటలు పట్టినయ్ నాకు.

బటన్ల మీద మాటలు తెలుగులోనే, పెద్ద అక్షరాల్లో రాయండి. పడుగు, పేక అనే మాటలు కొనేవాళ్లకు కొత్త కావచ్చు. అందుకే నేను "నిలువు నూలు", "అడ్డ నూలు" అని రాసి, కింద చిన్నగా అసలు పేర్లు పెట్టిన. లింక్ పంపే ముందు వైఫై బంద్ చేసి, ఇంట్ల ఉన్న పాత ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ "నూలు కలుపు" బటన్ కోడ్ లైన్ లైన్‌గా రాద్దాం.