యూనిట్ - 7 : వీడ్కోలు సభకు మన దుస్తులు మనమే కుట్టుకోవడం

విషయక్రమం

7.0 లక్ష్యాలు
7.1 ఉపోద్ఘాతం
7.2 వస్త్రం ఎంపిక
7.3 కొలతలు
7.4 లంగా : కుచ్చిళ్ల లెక్క
7.5 జాకెట్టు, ఓణి
7.6 కాలపట్టిక
7.7 ఖర్చు లెక్క
7.8 సారాంశం
7.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి : మాదిరి సమాధానాలు
7.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు
7.11 పదకోశం

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు,

- పాత చీరనుగాని కొత్త బట్టనుగాని లంగాఓణికి పనికివస్తుందో లేదో పరీక్షించగలుగుతారు.
- కొలతలు తీసుకొని, కుచ్చిళ్ల సంఖ్యను, లోతును లెక్కకట్టగలుగుతారు.
- పరీక్షల చదువుకు ఆటంకం లేకుండా కుట్టుపనికి కాలపట్టిక వేసుకోగలుగుతారు.
- ఇంట్లో కుట్టిన దుస్తుల అసలు ఖర్చును లెక్కవేయగలుగుతారు.

7.1 ఉపోద్ఘాతం

పదో తరగతి, ఇంటర్మీడియట్ చదివే పిల్లలకు పరీక్షలకు ముందు బడిలో, కళాశాలలో వీడ్కోలు సభ జరుగుతుంది. పిల్లలు దాన్ని ఫేర్‌వెల్ అనే అంటారు. ఆ రోజు యూనిఫాం ఉండదు. అమ్మాయిలు లంగాఓణో చీరో కట్టుకొని వస్తారు. చాలామందికి నలుగురి ముందుకు పెద్దపిల్లలాగా వచ్చే మొదటి సందర్భం అదే.

భక్త రామదాసుగా మనమంతా ఎరిగిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు నేలకొండపల్లి. ఈ ఊరికి ఖమ్మం దగ్గరే. కొత్త బట్టలకు చాలామంది ఖమ్మం కమాన్ బజారుకే వెళతారు. అయితే వీడ్కోలు సభ వచ్చే కాలాన్ని గమనించండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఈ ప్రాంతమంతా మిరప కోతల్లో ఉంటుంది. తల్లి పొద్దున్నే చేనుకు పోతుంది. కోత కూలి చేతికి వచ్చే ముందే బాకీలు, పరీక్షల ఖర్చులు ఎదురుచూస్తుంటాయి. అటువంటి ఇంట్లో ఒక్క పూట సభకోసం కొత్త బట్టలు, కుట్టుకూలి, గాజులు అంటూ అడగడానికి పిల్లకు నోరు రాదు. "నాకు ఫేర్‌వెల్ ఇష్టం లేదు" అని చెప్పి ఇంట్లో ఉండిపోయే పిల్లలున్నారు. ఇష్టం లేక కాదు, బట్టలు లేక.

ఒకసారి అధ్యయన కేంద్రంలో తరగతి అయిపోయాక ఒక విద్యార్థిని నా దగ్గరికి వచ్చింది. "మేడం, మా చెల్లెకు వచ్చే నెల ఫేర్‌వెల్. అమ్మ పెళ్లిచీర ఉంది. దాన్ని కోస్తే పాడవుతుందని భయం. కొత్తది కొనాలంటే డబ్బు లేదు. ఏం చేయమంటారు?" అని అడిగింది. ఈ యూనిట్ ఆ ప్రశ్నకు జవాబు. మీలో కొందరు మీకోసం, కొందరు చెల్లెలికోసం, కొందరు కూతురికోసం దీన్ని చదువుతుండవచ్చు. పద్ధతి అందరికీ ఒకటే.

ఇంట్లో బట్టను మార్చి కుట్టుకోవడం బీదతనానికి గుర్తు అనుకోనక్కరలేదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్‌లో 1941 జూన్ 1 నుంచి బట్టలకు రేషన్ పెట్టారు. 1943లో ఆ ప్రభుత్వమే, ఉన్న బట్టలను ఎలా బాగుచేసుకోవాలో, ఎలా మార్చి కుట్టుకోవాలో చెబుతూ ఒక చిన్న పుస్తకాన్ని అచ్చువేసింది. 1930ల ఆర్థికమాంద్యంలో అమెరికా పల్లెల్లో పిండి, దాణా వచ్చే నూలు సంచులతో ఆడవాళ్లు గౌన్లు కుట్టేవారు. అది గమనించిన వ్యాపారులు సంచుల మీద పూల అచ్చులు వేయించడం మొదలుపెట్టారు. మన ఇళ్లలోనూ పట్టు పరికిణీకి అడుగున మడతకుట్టు వేసి, పిల్ల ఎదిగినకొద్దీ విప్పుకుంటూ వచ్చే అలవాటు ఎప్పటినుంచో ఉంది.

7.2 వస్త్రం ఎంపిక

పాత చీర : చీరను కోసే ముందు మూడు పరీక్షలు చేయండి.

1. వెలుతురు పరీక్ష : చీరను కిటికీకి ఎదురుగా పట్టుకొని చూడండి. నేత పలచబడిన చోట, సన్నని రంధ్రాలున్న చోట వెలుతురు ఎక్కువగా కనిపిస్తుంది. అక్కడ సుద్దతో గుర్తుపెట్టండి.
2. లాగే పరీక్ష : బట్టను రెండు బొటనవేళ్ల మధ్య పట్టుకొని నెమ్మదిగా లాగండి. నూలుపోగులు విడిపోతే ఆ భాగం కుట్టుకు ఆగదు.
3. మడత పరీక్ష : పట్టుచీర చాలా ఏళ్లు ఒకే మడతలో పెట్టెలో ఉంటే మడత గీత మీదే చిట్లుతుంది. మడతలన్నీ విప్పి చూడండి.

ఈ మూడింటిలో నిలిచిన చీరనే కోయాలి. నిలవకపోతే జరీ అంచును మాత్రం విడదీసుకొని కొత్త నూలుబట్టకు కుట్టుకోవచ్చు. కోసే ముందు ఆ చీర ఎవరిదో వాళ్లను అడగండి. పెళ్లిచీర అయితే అమ్మ మనసులో దానికి వేరే విలువ ఉంటుంది. ఆమె వద్దంటే కోయకండి. అమ్మాయికి చీరగానే కట్టి, జాకెట్టు మాత్రం కొత్తది కుట్టండి. నన్ను అడిగిన విద్యార్థినికి నేను మొదట చెప్పిన మాట ఇదే.

కొత్త బట్ట : నూలుబట్టను కోసే ముందు తప్పకుండా ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరబెట్టి, ఇస్త్రీ చేయాలి. నేను చదువుకునే రోజుల్లో వీడ్కోలు సభకు కుట్టుకున్న మొదటి లంగాకు ఈ పని చేయలేదు. సభకు రెండు రోజుల ముందు ఉతికి ఆరేశాను. సభ రోజున లంగా చీలమండల పైకి వచ్చింది. బట్ట నూటికి 5 వంతులు కుదించుకుపోతే 96 సెంటీమీటర్ల పొడవులో దాదాపు 5 సెంటీమీటర్లు పోతాయి. ఆ రోజంతా నేను బల్ల వెనకే కూర్చున్నాను.

బట్టలో పొడవునా ఉండే పోగులను పడుగు అని, అడ్డంగా ఉండే పోగులను పేక అని అంటారు. పడుగు సాధారణంగా తక్కువ సాగుతుంది. అందువల్ల జాకెట్టు ముక్కల పొడవు పడుగు వెంబడి రావాలి. చీరతో లంగా కుట్టేటప్పుడు మాత్రం అంచు అడుగున రావాలి కనక పడుగు నడుం చుట్టూ వస్తుంది. కుచ్చిళ్ల లంగాకు దీనివల్ల ఇబ్బంది లేదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
గమనిక : మీ సమాధానాన్ని నోటుపుస్తకంలో రాసి, యూనిట్ చివర ఇచ్చిన సమాధానంతో పోల్చుకోండి.
ప్రశ్న : కొత్త నూలుబట్టను కోసే ముందు ఎందుకు తడిపి ఆరబెట్టాలి?

7.3 కొలతలు

మన ఊళ్లలో దర్జీకి ఆది జాకెట్టు ఇవ్వడం అలవాటు. సరిపోయే పాత జాకెట్టే కొలత. ఇది మంచి పద్ధతే కాని, ఎదిగే వయసులో ఏడాది కిందటి ఆది పనికిరాదు. టేపుతో కొత్తగా కొలవాలి. కొలిచేవారు వేరొకరై ఉండాలి. తనను తాను కొలుచుకుంటే భుజం పైకి లేచి కొలత మారుతుంది.

తీయవలసిన కొలతలు : ఛాతీ చుట్టు, నడుం చుట్టు, భుజం వెడల్పు, చేతి పొడవు, చేతి చుట్టు, మెడ లోతు, జాకెట్టు పొడవు, నడుం నుంచి పాదం వరకు పొడవు. ఈ చివరి కొలతను ఆ రోజు వేసుకోబోయే చెప్పులతోనే తీయండి. ప్రతి కొలతా రెండుసార్లు తీసి రాసుకోండి. టేపుకు ఒకవైపు అంగుళాలు, మరోవైపు సెంటీమీటర్లు ఉంటాయి. ఒక అంగుళం 2.54 సెంటీమీటర్లు. ఏ కొలమానంలో మొదలుపెట్టారో చివరిదాకా అదే వాడండి.

కొలతలను బట్టి కాగితం మీద గీసి, కత్తిరించి, దాన్ని బట్ట మీద పెట్టి కోయడం సురక్షితమైన పద్ధతి. వేర్వేరు సైజుల్లో కాగితపు నమూనాలను 1863లో అమెరికాలో ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ అమ్మకానికి తెచ్చాడు. దానితో ఇళ్లలో కుట్టుకోవడం తేలికైంది. మీకు పాత దినపత్రిక చాలు. కాగితం తప్పుపోతే మరో కాగితం దొరుకుతుంది, చీర దొరకదు.

7.4 లంగా : కుచ్చిళ్ల లెక్క

ఒక ఉదాహరణ తీసుకుందాం. చీర పొడవు 550 సెం.మీ., వెడల్పు 112 సెం.మీ. అమ్మాయి నడుం 66 సెం.మీ. లంగా పూర్తి పొడవు 97 సెం.మీ. కావాలి.

(అ) పొడవు : నడుం పట్టీ వెడల్పు 3 సెం.మీ. కాబట్టి దాని కింద లంగా 94 సెం.మీ. ఉండాలి. పైన కుట్టుకు 2 కలిపితే 96. అడుగున చీర అంచు ఉంటుంది కనక మడత అక్కరలేదు. చీర పై అంచు జరీ నడుం దగ్గర ఉంటే లావుగా వస్తుంది, గుచ్చుకుంటుంది. దాన్ని 8 సెం.మీ. మేర కోసి, చేతులకు అంచుగా దాచుకోండి. మిగిలింది 104. కావలసింది 96. ఎక్కువైన 8 సెం.మీ.ను కోయకండి. కింది అంచుకు కాస్త పైన, లోపలివైపు, 4 సెం.మీ. లోతున ఒక మడత పెట్టి పెద్ద కుట్లతో కుట్టండి. మడత తన లోతుకు రెట్టింపు బట్టను తీసుకుంటుంది. పిల్ల ఎదిగాక ఆ కుట్టు విప్పితే లంగా 8 సెం.మీ. పొడవవుతుంది.

(ఆ) కుచ్చిళ్లు : లంగా కింది చుట్టుకొలతను దర్జీలు ఘేరా అంటారు. ఇక్కడ ఘేరా 350 సెం.మీ. అనుకుందాం. పక్క కుట్టుకు మరో 5 కలిపి 355 కోయాలి. నడుం 66కు హుక్కు దగ్గర ఒకదానిపై ఒకటి వచ్చేందుకు 4 కలిపితే పట్టీ పొడవు 70. ఒక్కో కుచ్చి పైకి 2 సెం.మీ. కనిపించాలంటే 70ని 2తో భాగించగా 35 కుచ్చిళ్లు వస్తాయి. 350ని 35తో భాగిస్తే ఒక్కో కుచ్చికి 10 సెం.మీ. బట్ట. అందులో కనిపించేది 2, లోపలికి పోయేది 8, అంటే కుచ్చి లోతు 4 సెం.మీ.

ఈ లెక్కలో నడుం దగ్గర సగటున అయిదు పొరలు వస్తాయి. పలచని పట్టుకు ఇది బాగుంటుంది. మందపు బట్టకు సూది దిగదు. అప్పుడు ఘేరాను 210కి తగ్గించండి. ఒక్కో కుచ్చికి 6 సెం.మీ. బట్ట, లోతు 2 సెం.మీ., నడుం దగ్గర మూడు పొరలే. కుచ్చిళ్లను ముందు గుండుసూదులతో పెట్టి, చేతికుట్టు వేసి, తరవాతే మిషన్ మీద పెట్టండి.

7.5 జాకెట్టు, ఓణి

లంగాకు 355 పోగా చీరలో 195 సెం.మీ. మిగులుతుంది. ఇందులోనే కొంగు ఉంటుంది. సాదా భాగం జాకెట్టుకు, కొంగు జరీ వీపు మీదికి, చేతులకు పనికివస్తాయి.

జాకెట్టు ఒక పాతిక ముక్క వెడల్పు : ఛాతీ 80 సెం.మీ. అయితే వదులుకు 4 కలిపి 84. దాన్ని 4తో భాగిస్తే 21. కుట్టుకు 1.5, పక్కన లోపల దాచుకునే బట్ట 2.5 కలిపితే 25 సెం.మీ. ముందు భాగంలో హుక్సుల పట్టీకి మరో 2 కలపాలి. లోపల దాచే ఆ 2.5 సెంటీమీటర్లను ఎప్పుడూ కోయకండి. జాకెట్టు బిగుతైతే మిమ్మల్ని కాపాడేది అదే. మొదటిసారి కుట్టేవారు పాత దుప్పటి ముక్కతో ఒక నమూనా జాకెట్టు కుట్టి, వేసి చూసి, దిద్దుబాట్లు కాగితం మీద గుర్తించి, ఆ తరవాతే అసలు బట్టను కోయాలి.

ఓణికి 2.5 మీటర్ల పలచని బట్ట సరిపోతుంది. అమ్మ పాత షిఫాన్ చీర ఉంటే అదీ చాలు. అంచులకు పీకో చేయించండి, లేదా చేతితో సన్నగా మడిచి కుట్టండి.

కుట్టుమిషన్ గురించి ఒక మాట. 1846లో ఎలియాస్ హోవ్ అమెరికాలో పేటెంటు పొందిన యంత్రం రెండు దారాలతో కుడుతుంది. పైదారం, కింద బాబిన్ దారం బట్ట మధ్యలో ఒకదానికొకటి మెలిక పడతాయి. మీ ఇంటి మిషన్ పనిచేసేదీ ఆ సూత్రం మీదే. కుట్టు అడుగున దారం ఉండలు కడితే సాధారణంగా పైదారం సరిగా ఎక్కించలేదని, లేదా దాని బిగువు తక్కువైందని అర్థం. అసలు బట్ట మీద పెట్టే ముందు అదే బట్ట ముక్క మీద కుట్టి చూడండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
ప్రశ్న : నడుం పట్టీ పొడవు 72 సెం.మీ., ఘేరా 288 సెం.మీ. ఒక్కో కుచ్చి పైకి 2 సెం.మీ. కనిపించాలి. కుచ్చిళ్లు ఎన్ని? ఒక్కో కుచ్చి లోతు ఎంత?

7.6 కాలపట్టిక

పరీక్షల ముందు కాలం విలువైనది. సభకు మూడు వారాల ముందు మొదలుపెట్టి, రోజుకు ఒక గంటకు మించకుండా చేయండి.

మొదటి వారం : చీర పరీక్ష, బట్ట తడపడం, కొలతలు, కాగితం నమూనా.
రెండో వారం : నమూనా జాకెట్టు, దిద్దుబాటు, అసలు బట్ట కోయడం, లంగా మడతకుట్టు, కుచ్చిళ్లు.
మూడో వారం మొదటి నాలుగు రోజులు : జాకెట్టు, హుక్సులు, కాజాలు, ఓణి అంచు.
చివరి మూడు రోజులు : ఏ పనీ పెట్టుకోకండి. ఒకసారి అంతా వేసుకొని నడిచి, మెట్లెక్కి, కింద కూర్చొని చూడండి. ఎక్కడైనా పట్టేస్తే సరిచేయడానికే ఈ మూడు రోజులు.

సభ దగ్గరపడితే దర్జీల దగ్గర బట్టలు గుట్టలుగా పడతాయి. సభ అయిపోయిన మర్నాడు జాకెట్టు చేతికి వచ్చిన పిల్లలను నేను చూశాను. ఇంట్లో కుట్టుకుంటే ఆ భయం ఉండదు. అయితే మన ఆలస్యానికి మనమే బాధ్యులం.

7.7 ఖర్చు లెక్క

ఇంట్లో కుట్టింది ఉచితం కాదు. నోటుపుస్తకంలో నాలుగు వరసలు రాయండి : (1) కొత్తగా కొన్న బట్ట, లైనింగ్ (2) దారం, హుక్సులు, సూదులు, పీకో (3) మిషన్ లేకపోతే దాని అద్దె (4) మీరు పనిచేసిన గంటలు. నాలుగో వరసలో గంటకు ఎంతో కొంత వెల కట్టండి. పక్కన, అదే దుస్తులకు బజారు ధర, కుట్టుకూలి రాయండి. రెండింటి తేడాయే మీరు మిగిల్చింది.

నాలుగో వరసను ఎందుకు రాయమంటున్నానంటే, ఇంట్లో ఆడవాళ్ల కుట్టుపనికి మనం వెల కట్టం. రేపు మీరు పక్కింటి పిల్లకు కుట్టవలసివస్తే ఎంత అడగాలో తెలియకపోవడానికి కారణం అదే. ఈ లెక్క అలవాటైతే ఉపాధికీ దారి ఏర్పడుతుంది.

7.8 సారాంశం

వీడ్కోలు సభకు బట్టలు లేక పిల్లలు ఇంట్లో ఉండిపోకూడదు. ఇంట్లో ఉన్న చీరను పరీక్షించి, యజమాని అనుమతితో వాడుకోవచ్చు. నూలుబట్టను ముందే తడపాలి. కొలతలు కొత్తగా తీసి, కాగితం మీద గీసి, ఆ తరవాతే కోయాలి. కుచ్చిళ్లు పట్టీ పొడవుకు, ఘేరాకు సరిపోయేలా లెక్కకట్టాలి. ఎక్కువైన బట్టను కోయక లోపల దాచాలి. చివరి మూడు రోజులు ఖాళీగా ఉంచుకోవాలి.

నన్ను అడిగిన విద్యార్థిని వాళ్లమ్మ పెళ్లిచీరను కోయలేదు. వాళ్లమ్మే మరో చీర తీసి ఇచ్చిందట. "లోపల మడత పెట్టాను మేడం, వచ్చే ఏడు మా చిన్న చెల్లె పండక్కి వేసుకుంటుంది" అని తరవాతి తరగతిలో చెప్పింది.

7.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి : మాదిరి సమాధానాలు

1. కొత్త నూలుబట్ట మొదటిసారి తడిసినప్పుడు కుదించుకుపోతుంది. ముందే తడిపి ఆరబెడితే కుట్టిన తరవాత దుస్తుల పొడవు, వదులు తగ్గవు.
2. కుచ్చిళ్లు 72 ÷ 2 = 36. ఒక్కో కుచ్చికి బట్ట 288 ÷ 36 = 8 సెం.మీ. కనిపించే 2 పోగా 6. దానిలో సగం, అంటే 3 సెం.మీ. కుచ్చి లోతు.

7.10 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పాత చీరతో లంగా కుట్టే విధానాన్ని లెక్కలతో వివరించండి.
2. ఇంట్లో కుట్టిన దుస్తుల ఖర్చును ఎలా లెక్కించాలి? శ్రమకు వెల కట్టవలసిన అవసరాన్ని చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పాత చీరకు చేయవలసిన మూడు పరీక్షలు ఏవి?
2. నమూనా జాకెట్టు వల్ల ప్రయోజనం ఏమిటి?

7.11 పదకోశం

ఆది జాకెట్టు : కొలతకోసం దర్జీకి ఇచ్చే, సరిగా సరిపోయే పాత జాకెట్టు.
ఘేరా : లంగా కింది చుట్టుకొలత.
పడుగు, పేక : నేతలో పొడవు పోగులు, అడ్డ పోగులు.
పీకో : బట్ట అంచు పోగులు ఊడకుండా మిషన్‌తో వేసే సన్నని కుట్టు.